కాలు కింద పెట్టకుండా పగడాలు చూసి రావడం: హైదరాబాద్ నుంచి స్నార్కెలింగ్ ప్రయాణం ఎలా చేయాలి

స్నార్కెలింగ్ అంటే మాస్క్ పెట్టుకుని, నోట్లోని గొట్టంతో శ్వాస తీస్తూ, నీళ్ల మీద బోర్లా తేలి అడుగు చూడడం. దానికి వెళ్లినవాళ్లు పగడాలను కావాలని విరగ్గొట్టరు. మాస్క్‌లోకి నీళ్లొస్తాయి, గొంతులో ఉప్పునీరు పడుతుంది, కంగారులో ఒళ్లు నిటారుగా లేస్తుంది, కాళ్లు నేల కోసం వెతుక్కుంటాయి. అప్పుడు కాలికి తగిలేది పగడమే. కొమ్మల్లా పెరిగే రకం బాగా పెరిగితే ఏడాదికి పది సెంటీమీటర్లు సాగుతుంది. బండలా గుండ్రంగా పెరిగే రకం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గగనం. మీరు వేసే ఒక్క అడుగు దాని కొన్నేళ్ల పెరుగుదలను తుడిచేస్తుంది. కాబట్టి ఈ ప్రయాణంలో మొదటి పని టికెట్లు కొనడం కంటే ముందుంటుంది: కాలు కింద పెట్టకుండా ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేలడం. అది హైదరాబాద్‌లోనే నేర్చుకోవాలి. ద్వీపం చేరాక నేర్పే తీరిక ఎవరికీ ఉండదు.

ఎక్కడికి, ఏ నెలలో

వైజాగ్ దగ్గరే కదా, అక్కడ చూడలేమా అని చాలామంది అడుగుతారు. పగడపు దిబ్బ కట్టాలంటే నీళ్లు తేటగా ఉండాలి, ఉప్పుదనం నిలకడగా ఉండాలి, ఎండ అడుగు దాకా దిగాలి. మన తీరంలో గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, మంచినీరు ఈ మూడింటినీ చెడగొడతాయి. అందుకే మన దేశంలో చెప్పుకోదగ్గ దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, పాక్ బే, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలోనే ఉన్నాయి. హైదరాబాద్ వాళ్లకు వీటిలో సులువైనది అండమాన్. శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి నేరుగా విమానముంది, ప్రయాణం రెండున్నర గంటల లోపే. 2024 నుంచి ఆ ఊరి అధికారిక పేరు శ్రీ విజయపురం. అక్కడి నుంచి ఫెర్రీలో వెళ్లే హావ్‌లాక్ ద్వీపం పేరును స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ ద్వీపం పేరును షహీద్ ద్వీప్‌గా 2018లో మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లు, జనం నోట పాతవి ఉంటాయి కాబట్టి రెండూ గుర్తుపెట్టుకోండి. ఈ ద్వీపాలకు భారతీయులకు ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు.

మన సెలవుల లెక్కన చూస్తే దసరా సెలవులు పనికిరావు. అప్పటికి వాన పూర్తిగా వెనక్కి తగ్గదు, నీళ్లు మసకగా ఉంటాయి, ఆ వెంటనే తుఫాన్ల కాలం. సంక్రాంతి సెలవులు బాగుంటాయి, కాకపోతే రద్దీ. పిల్లల పరీక్షల బెడద లేనివాళ్లకు ఫిబ్రవరి, మార్చి అన్నిటికన్నా మంచివి. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్లు అద్దంలా ఉంటాయి. వేసవి సెలవులకే అందరూ ఎగబడతారు కానీ ఏప్రిల్ చివర, మే నెలల్లో సముద్రపు నీరు ఏడాదిలోకెల్లా వేడిగా ఉంటుంది, పగడాలు నీరసించేదీ అప్పుడే. మే రెండో సగం నుంచి అలలూ పెరుగుతాయి.

వేడికీ పగడానికీ సంబంధం ఏమిటో తెలిస్తే నెల ఎంచుకోవడం తేలిక. పగడం ఒక జీవి. దాని కండలో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురముంటుంది. రంగు ఆ నాచుదే, తిండిలో ఎక్కువ భాగం అది వండిపెట్టేదే. ఆ చోట మామూలుగా ఉండే ఎండాకాలపు గరిష్ఠ వేడి మీద ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటకు గెంటేస్తుంది. లోపలి సున్నపు ఎముక తెల్లగా కనబడుతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. తెల్లబడిన పగడం ఇంకా చచ్చిపోయినట్టు కాదు. వేడి తగ్గితే కోలుకోవచ్చు, తగ్గకపోతే ఆకలితో చస్తుంది. మన ద్వీపాల్లో 1998, 2010, 2016లో ఇది పెద్దఎత్తున జరిగింది. 2024లో ప్రపంచమంతా నాలుగోసారి బ్లీచింగ్ నడుస్తున్నట్టు శాస్త్రవేత్తలు ప్రకటించారు.

అమెరికా వాతావరణ సంస్థ నోవా నడిపే కోరల్ రీఫ్ వాచ్ సైట్లో అండమాన్ ప్రాంతానికి బ్లీచింగ్ హెచ్చరిక మ్యాప్ ఉచితంగా దొరుకుతుంది. బుక్ చేసే ముందొకసారి, బయలుదేరే వారంలో ఇంకోసారి చూడండి. అందులో "వేడి వారాలు" (డిగ్రీ హీటింగ్ వీక్స్) అనే లెక్క ఉంటుంది. అది 4 దాటితే బ్లీచింగ్, 8 దాటితే పగడాలు చచ్చిపోయే ప్రమాదం. 4 దాటిందంటే మా సలహా: టికెట్ మార్చుకోండి, కుదరకపోతే ఒకటి రెండు సార్లు దిగి మిగతా రోజులు ఊళ్లలో గడపండి.

పూల్‌లో ఆరు వారాలు

వారానికి రెండు రోజులు, రోజుకు ముప్పావుగంట చాలు. గచ్చిబౌలి స్టేడియం పూల్, మీ అపార్ట్‌మెంట్‌లో నాలుగడుగుల లోతు పూల్, ఏదైనా ఫర్వాలేదు. రెండు ఇబ్బందులు ముందే చెప్పాలి. చాలా పూల్స్‌లో ఫిన్స్ (కాళ్లకు తొడిగే రబ్బరు రెక్కలు) వేసుకోనివ్వరు, అందుకని కోచ్‌తో మాట్లాడి రద్దీ లేని పొద్దుటి స్లాట్ అడగండి. పైగా ఆరుబయట పూల్స్ డిసెంబరులో చలికి మూసేస్తారు, మూయకపోయినా దిగబుద్ధి కాదు. సంక్రాంతికి వెళ్లాలనుకుంటే దసరా అయిన వెంటనే మొదలుపెట్టండి.

మొదటి వారం మాస్క్ వద్దు. ముఖం నీళ్లలో పెట్టి నోటితో బుడగలు వదలడం, చేతులు కాళ్లు బారచాపి బోర్లా తేలడం. అర నిమిషం కదలకుండా తేలగలిగితే ముందుకెళ్లండి. మెడ పైకెత్తితే కాళ్లు మునుగుతాయి. కళ్లు నేరుగా కిందకి, గడ్డం లోపలికి ఉండాలి.

రెండో వారం మాస్క్‌లోంచి నీళ్లు తోడడం. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. మాస్క్‌లోకి సగం దాకా నీళ్లు కావాలనే రానివ్వండి. పై అంచును రెండు వేళ్లతో నుదుటికి నొక్కండి, తల కొంచెం వెనక్కి వంచండి, ముక్కుతో నెమ్మదిగా, ఆపకుండా గాలి వదలండి. నీళ్లు కింది అంచు నుంచి పోతాయి. మాస్క్ మొత్తం పైకి లేపితే పోయినదాని కంటే ఎక్కువ నీళ్లు లోపలికి వస్తాయి. పదిసార్లలో ఎనిమిదిసార్లు కాళ్లు ఆనించకుండా చేయగలగాలి. ముక్కులోకి నీళ్లు వెళ్తే ప్రాణం గిలగిల్లాడుతుంది. ఆ గిలగిల పూల్‌లోనే అయిపోవాలి.

మూడో వారం స్నార్కెల్. గొట్టంలోకి నీళ్లొచ్చాయనుకోండి, "తూ" అన్నట్టు ఒక్కసారి గట్టిగా ఊదండి. తర్వాతి శ్వాస మాత్రం మెల్లగా, నాలుక అంగిలికి ఆనించి తీసుకోండి. మిగిలిన చుక్కలు గొంతులోకి పోకుండా నాలుక అడ్డుపడుతుంది. శ్వాస పొడుగ్గా ఉండాలి. చిన్న చిన్న శ్వాసలు తీస్తే గొట్టంలో మిగిలిన వాడేసిన గాలే మళ్లీ లోపలికి వెళ్లి ఆయాసం వస్తుంది.

నాలుగు, ఐదు వారాలు ఫిన్స్‌తో కాళ్లాడించడం. కదలిక తుంటి దగ్గర మొదలవ్వాలి, మోకాలు కొద్దిగానే వంగాలి. సైకిల్ తొక్కినట్టు తొక్కితే ముందుకు కదలరు, కింది ఇసుక మాత్రం లేస్తుంది. అలా లేచిన ఇసుక పగడం మీద పడితే, దాన్ని కడుక్కోవడానికి పగడం జిగురు స్రవిస్తుంది, ఉన్న శక్తి దానికే పోతుంది. రోజుకు నూరు మంది అలా తొక్కే బీచ్‌లో పగడాల గతి మీరే ఊహించుకోండి.

ఆరో వారం పరీక్ష. లైఫ్ జాకెట్ వేసుకుని, గోడ పట్టుకోకుండా, కాలు నేలకు తగలకుండా ఇరవై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు మాస్క్ తోడాలి, ఒకసారి వెల్లకిలా తిరిగి విశ్రాంతి తీసుకోవాలి. ఇది నెగ్గితే దిబ్బ మీదకు వెళ్లడానికి అర్హత ఉన్నట్టే. నెగ్గలేకపోతే సిగ్గుపడేదేం లేదు, అద్దాల అడుగున్న పడవ ఉంది, అందులోంచి చూడండి. ఈత రాకపోయినా ఫర్వాలేదు అని పడవవాళ్లు రబ్బరు ట్యూబ్ ఇచ్చి లాక్కెళ్తారు. అప్పుడు మీ కాళ్లు ఎక్కడ రాసుకుంటున్నాయో మీకూ తెలియదు, లాగేవాడికీ తెలియదు.

సామాన్లు

మాస్క్, స్నార్కెల్ సొంతవి కొనుక్కోండి. ఫిన్స్ అక్కడ అద్దెకు తీసుకోవచ్చు. మాస్క్ ఎంచుకునేటప్పుడు పట్టీ తలకు వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేతులు వదిలేసినా పడిపోకుండా అతుక్కుని ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. మీసమున్నవాళ్లకు ముక్కు కింద సందు పడి నీరు కారుతుంది. ఆ భాగంలో మీసం కాస్త కత్తిరించుకోండి, లేదా సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. వాజిలీన్ వద్దు, సిలికాన్‌ను పాడుచేస్తుంది. కళ్లజోడు వాడేవాళ్లకు పవర్ అద్దాలు బిగించే మాస్క్‌లున్నాయి, ముందే ఆర్డర్ పెట్టుకోవాలి. ఇంకొక్కటి మన ఇళ్లలోనే జరిగేది: ఆ రోజు పొద్దున తలకు కొబ్బరినూనె పెట్టుకోవద్దు. పట్టీ జారుతుంది, నుదుటి మీద నూనెకు మాస్క్ పట్టు వదులుతుంది, నీళ్ల మీద జిడ్డు తేలుతుంది.

కొత్త మాస్క్ అద్దానికి ఫ్యాక్టరీలో అంటిన పొర ఉంటుంది, అది ఉన్నంతకాలం ఆవిరి పడుతూనే ఉంటుంది. జెల్ కాని తెల్ల టూత్‌పేస్ట్ వేలితో లోపలివైపు బాగా రుద్ది కడగండి. ఇలా మూడు నాలుగుసార్లు చేయాలి. గాజు అద్దానికే ఈ చిట్కా, ప్లాస్టిక్ అయితే గీతలు పడతాయి. దిగే ముందు చుక్క బేబీ షాంపూ రాసి, ఒక్కసారి నీళ్లతో జాడించి పారబోస్తే చాలు.

స్నార్కెల్ గొట్టం మరీ పొడుగ్గా ఉండకూడదు, 38 సెంటీమీటర్లకు మించితే వదిలిన గాలే మళ్లీ పీలుస్తారు. ముఖమంతా కప్పే మాస్క్‌లు ఇప్పుడు ఎక్కడ చూసినా కనబడుతున్నాయి. మేమైతే వద్దనే అంటాం. కంగారు పడినప్పుడు నోట్లోంచి గొట్టం ఉమ్మేసినంత తేలిగ్గా అది ఊడిరాదు, లోపల నీరు చేరితే తోడడమూ కష్టం.

బట్టల్లో కాటన్ చుడీదార్, చున్నీ, పొడుగు షార్ట్స్ పనికిరావు. నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, కాళ్లకు చుట్టుకుంటాయి. ఫుల్‌హ్యాండ్స్ నైలాన్ రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), కింద చీలమండల దాకా లెగ్గింగ్స్ అన్ని వయసులవాళ్లకూ, ఒళ్లు కప్పుకోవాలనుకునే ఆడవాళ్లకూ సరిగ్గా సరిపోతాయి. సన్‌స్క్రీన్ వాడకాన్ని కూడా ఇవే చాలావరకు తగ్గిస్తాయి. ముఖానికి, మెడకు మాత్రం జింక్ ఆక్సైడ్ రకం రాసుకోండి. డబ్బా వెనక ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే పేర్లుంటే పక్కన పెట్టేయండి. రెండోది మన మార్కెట్లో ఎథిల్‌హెక్సిల్ మెథాక్సీసిన్నమేట్ అనే పొడుగు పేరుతోనూ దాక్కుంటుంది. పగడాలకు చేటు అన్న అనుమానంతో ఈ రెండింటి అమ్మకాన్ని హవాయి 2021 నుంచి ఆపేసింది.

క్యాలెండర్ చూసి నీళ్లలోకి

అండమాన్‌లో రోజుకు రెండు పోట్లు (నీరు పైకెక్కేవి), రెండు పాట్లు (నీరు వెనక్కి తగ్గేవి). పోటు వేళ రోజూ ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. గోడ మీది తెలుగు క్యాలెండర్ ఇక్కడ బాగా పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి, ఆ తర్వాతి ఒకటి రెండు రోజులు ఆటుపోట్ల తేడా ఎక్కువ, దాదాపు రెండు మీటర్ల దాకా ఉంటుంది. నీరు వేగంగా లాగుతుంది, పాటులో పగడాలు మోకాలి లోతులోకి వచ్చేస్తాయి. అష్టమి ముందూ వెనకా తేడా తక్కువ, నీరు నెమ్మది. కొత్తవాళ్లు, పిల్లలున్నవాళ్లు తిథి చూసుకుని అష్టమి చుట్టుపక్కల రోజులకు టికెట్లు తీసుకుంటే సగం కష్టం తీరినట్టే.

ఆ రోజు పోటు ఎన్నింటికో ఫోన్లో పోర్ట్ బ్లెయిర్ టైడ్ టేబుల్ చూసి, నిండుపోటుకు గంటన్నర ముందు దిగండి, నిండిన అరగంటకల్లా బయటికి రండి. అప్పుడు బయటి సముద్రపు తేటనీరు లోపలికి వస్తూ ఉంటుంది, మీ పొట్టకూ పగడానికీ మధ్య మీటరుకు పైనే నీళ్లుంటాయి. నీల్‌లో భరత్‌పూర్ బీచ్‌కి ఈ నియమం తప్పనిసరి. అక్కడ దిబ్బ చాలా మెరక, పాటు వేళ దిగితే నడవడం తప్ప ఈదడం కుదరదు. ఎక్కడైనా మీటరు కంటే తక్కువ నీళ్లు కనబడితే వెనక్కి తిరగండి. ఒంటి గంటకే పడవ ఉంది, పాటైనా దిగండి అని పడవవాళ్లు ఒత్తిడి చేస్తే మరుసటి రోజుకు మార్చమని అడగండి.

ఇంకో సంగతి, ఆ ద్వీపాలు మనకు చాలా తూర్పున ఉన్నాయి. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. హైదరాబాద్ అలవాటులో పదింటికి టిఫిన్ చేసి బయలుదేరితే రోజు అయిపోయినట్టే.

ఏడు రోజుల వరుస

మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో నౌకాదళం వాళ్ల సముద్రిక మ్యూజియం చూడండి. కొమ్మ పగడం, బండ పగడం, పళ్లెం పగడం, మెత్తని పగడం అక్కడే గుర్తుపట్టడం నేర్చుకుంటే నీళ్లలో కళ్లు వాటంతటవే వెతుకుతాయి. రెండో రోజు పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూర్ వెళ్లి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్. 1983లో ఏర్పడిన ఈ పార్క్‌లో 15 ద్వీపాలున్నాయి. దిబ్బలకు విరామం దొరకాలని జాలీబాయ్, రెడ్‌స్కిన్ ద్వీపాలను వంతులవారీగా తెరుస్తారు, నవంబరు నుంచి మే దాకా సాధారణంగా జాలీబాయ్ వంతు. సోమవారం సెలవు. అటవీశాఖ పర్మిట్ ముందురోజే తీసుకోవాలి. ప్లాస్టిక్ సంచి, చిప్స్ ప్యాకెట్ ఏదీ పడవ ఎక్కనివ్వరు, నీళ్ల సీసాకు డిపాజిట్ కట్టించుకుంటారు. పులిహోర స్టీలు డబ్బాలో తీసుకెళ్తే గొడవే లేదు. ద్వీపంలో కొట్లు లేవు, జెట్టీ కూడా లేదు. పెద్ద పడవ దూరంగా ఆగితే అద్దాల పడవలో ఒడ్డుకు చేరుస్తారు.

మూడో రోజు ఫెర్రీలో హావ్‌లాక్, రెండు రాత్రులు. అక్కడ ఎలిఫెంట్ బీచ్‌కి పడవలోనూ వెళ్లొచ్చు, అడవిలో రెండు కిలోమీటర్లు నడిచీ వెళ్లొచ్చు. తొమ్మిది దాటితే జెట్‌స్కీల మోత మొదలవుతుంది, పొద్దున్నే మొదటి పడవ పట్టుకోండి. ఐదో రోజు నీల్, రెండు రాత్రులు. ఏడో రోజు పోర్ట్ బ్లెయిర్‌కి తిరిగి రండి, విమానం అదే రోజు పెట్టుకోకుండా ఒక రాత్రి ఆగి మర్నాడు ఎక్కండి. గాలి పెరిగితే ఫెర్రీలు రద్దవుతాయి, విమానం మీకోసం ఆగదు. సరదాగా స్కూబా డైవ్ కూడా చేస్తే ఆ తర్వాత 18 గంటల దాకా విమానమెక్కొద్దు. స్నార్కెలింగ్‌కి ఆ నియమం లేదు.

ఫెర్రీలో కడుపులో తిప్పేవాళ్లు డాక్టరును అడిగి ఎవోమిన్ లాంటి మాత్ర ఎక్కే గంట ముందు వేసుకోవచ్చు. దానితో మత్తు వస్తుంది కాబట్టి ఆ పూట నీళ్లలో దిగొద్దు.

పడవ మాట్లాడుకునేటప్పుడు మూడు ప్రశ్నలు: లంగరు వేస్తారా, బోయాకు (పడవలు కట్టేయడానికి నీళ్ల మీద తేలేలా పెట్టిన డబ్బాకు) కడతారా? గైడ్ ఒక్కరికి ఎంతమంది? చేపలకు తిండి వేస్తారా? బోయాకు కట్టేవాళ్లను, నలుగురికి మించి తీసుకెళ్లనివాళ్లను ఎంచుకోండి. బిస్కెట్ ముక్కలు వేస్తే చేపలు మూగుతాయి, ఫొటో బాగా వస్తుంది. కానీ పగడం మీద నాచు మేయాల్సిన చేప బిస్కెట్‌కి మరిగితే, నాచు పగడాన్ని కమ్మేస్తుంది. పడవ ఎక్కకముందే "మాకు వద్దు" అని చెప్పేయండి. నీళ్లలోకి దిగాక చెబితే ఎవరూ వినరు.

నీళ్లలో చేయగల లెక్క

ఊరికే చూసి రావడం చాలదనిపిస్తే ఒక మంచి పని ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టిన కోరల్‌వాచ్ వాళ్ల రంగుల చార్ట్. అరచేయంత పలక, నాలుగు వైపులా నాలుగు రంగులు, ఒక్కో రంగులో 1 నుంచి 6 దాకా లేత నుంచి ముదురు ఛాయలు. ముందే ఆర్డర్ పెట్టి అసలు చార్టే తెప్పించుకోవాలి. ఇంట్లో ప్రింట్ తీస్తే ఛాయలు మారిపోయి లెక్క అంతా తప్పవుతుంది.

నీళ్లలో వరుస ఇది. తేలుతూనే అందేంత లోతులో, వెతక్కుండా కంటపడిన ఏదో ఒక పగడాన్ని ఎంచుకోండి, అందమైనదాన్ని కాదు. చార్ట్‌ను దాని పక్కన పట్టుకోండి, తగలనివ్వొద్దు. కొసలు వదిలేసి, మిగతా భాగంలో అన్నిటికంటే లేత ఛాయ, అన్నిటికంటే ముదురు ఛాయ చూడండి. ఉదాహరణకు డి2, డి5 (అక్షరం రంగును, అంకె ఛాయను చెబుతుంది). అది కొమ్మ రకమా, బండా, పళ్లెమా, మెత్తనిదా రాసుకోండి. ఇలా కనీసం ఇరవై. రాయడానికి ప్లాస్టిక్ పలక, పెన్సిలు చాలు, రెంటినీ దారంతో మణికట్టుకు కట్టుకోండి. ఒకరు చార్ట్ పట్టుకుని వేళ్లతో సైగ చేస్తే ఇంకొకరు రాయడం తేలిక, పిల్లలకు ఈ ఆట బాగా నచ్చుతుంది. గదికొచ్చాక తేదీ, చోటు, లోతు, నీటి వేడితో వాళ్ల సైట్లో ఎక్కించండి. ఒకరోజు లెక్కకు విలువ తక్కువే. అదే చోట వేర్వేరు జనం వేర్వేరు నెలల్లో రాసినవి కూడితేనే రంగు పోతోందా, తిరిగొస్తోందా తెలుస్తుంది.

"పగడం మొక్క నాటండి, సర్టిఫికెట్ ఇస్తాం" అనే ప్యాకేజీ ఎవరైనా చూపిస్తే జాగ్రత్త. దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఉన్నంత రక్షణ. వాటిని ముట్టుకునే పనికి అటవీశాఖ అనుమతి కావాలి. అనుమతి కాగితం, ముక్కలు ఎక్కడివి, ఏడాది తర్వాత ఎన్ని బతికాయి, ఎవరు లెక్క రాస్తున్నారు అని అడగండి. జవాబు తడబడితే డబ్బు మిగుల్చుకోండి. వండూర్‌లో దక్షిణ్ ఫౌండేషన్ నడిపే ఆనెట్ అనే పరిశోధన కేంద్రముంది. వాళ్ల పని తెలుసుకోవాలనుకుంటే వారాల ముందే మెయిల్ రాయండి. చెప్పకుండా వెళ్లి తలుపు తట్టొద్దు, అక్కడ మనుషులు పనిలో ఉంటారు.

ద్వీపం మనుషులు

2011 జనగణనలో అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలికి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవుకు పొద్దున ఆరింటికి వెళ్తే మీకు దుబాసీ అక్కర్లేదు. పోటు పాట్ల సంగతి ఫోన్ కంటే వాళ్లకే బాగా తెలుసు. బేరాలు సాగుతున్నప్పుడు అడ్డం వెళ్లకండి, అమ్మకం సద్దుమణిగాక పలకరించండి, ఫొటోకు ముందు అడగండి.

హావ్‌లాక్, నీల్‌లలో దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. నీల్‌లో ఊళ్ల పేర్లు వింటే మనకు ఇల్లు గుర్తొస్తుంది: సీతాపూర్, భరత్‌పూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్. కూరగాయలు పండే ద్వీపమది. రిసార్ట్ వదిలి కుటుంబాలు నడిపే గదుల్లో దిగితే డబ్బు ఊళ్లోనే ఉంటుంది, ఆవపిండి పెట్టిన చేపల పులుసూ దొరుకుతుంది. మన హైదరాబాదీ హిందీ అక్కడ బాగానే చెల్లుతుంది, "నక్కో" ఒక్కటి దాచుకోండి.

ఫిబ్రవరి దాటితే ద్వీపాల్లో మంచినీటికి కటకట. వేసవిలో ట్యాంకర్ కోసం కిటికీలోంచి చూసిన హైదరాబాదీకి వేరే చెప్పాలా? బకెట్ స్నానం, తక్కువ సబ్బు. మురుగు చివరకు దిబ్బ మీదికే చేరుతుంది, ఎరువు పడ్డ పొలంలా నాచు విరగకాస్తుంది.

తినడానికి సూర చేప, వంజరం అడగండి. ఇవి బయటి సముద్రంలో తిరిగేవి. చిలక చేపను మాత్రం వదిలేయండి. పగడం మీది నాచును గీకి తినేది, నమిలి ఇసుకగా మార్చేది అదే. బారాటాంగ్ గుహలకు వెళ్లాలనుకుంటే దారి జారవా ఆదివాసుల అడవి గుండా పోతుంది. కారు ఆపడం, ఫొటో తీయడం, తిండి ఇవ్వడం నేరం. వాళ్లు కనబడతారేమో అన్న ఆశతో ఆ దారి పట్టేవాళ్లున్నారు. మీరు ఆ ప్యాకేజీ తీసుకోకండి.

లక్షద్వీప్ గురించి నాలుగు మాటలు. 36 ద్వీపాల్లో జనం ఉండేది 10లోనే. సాధారణంగా కొచ్చి మీదుగా అగత్తి ద్వీపానికి వెళ్తారు, ప్రవేశ పర్మిట్ తప్పనిసరి, అది చేతికొచ్చాకే టికెట్ కొనండి. దిబ్బ లోపలి నీళ్లు చెరువులా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకు అండమాన్ కంటే తేలిక. దాదాపు అందరూ ముస్లింలు. బంగారం అనే ద్వీపంలో తప్ప మద్యం నిషేధం. ఊళ్లోకి తడిబట్టలతో రాకండి, శుక్రవారం మధ్యాహ్నం ఎవరినీ పనికి తొందరపెట్టకండి. మినికాయ్‌లో గాలంతో ఒక్కొక్క సూర చేపను పట్టే పద్ధతి ఇంకా బతికే ఉంది. దాన్ని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్మిన్ చేస్తారు. చిన్న పొట్లం తెచ్చుకోండి, వంకాయ కూరలో తురిమి వేస్తే ఎండురొయ్యలు వేసినంత రుచి.

తేడా జరిగితే

నీళ్లలో ఆయాసం, దగ్గు, ఛాతీ బిగుతు వస్తే వెంటనే గొట్టం ఉమ్మేసి వెల్లకిలా తిరగండి, చేయి పైకెత్తండి, బయటికి రండి. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లను డాక్టరు మాట లేకుండా దించొద్దు. నీళ్లలో బోర్లా ఉన్నప్పుడు గుండె మీద భారం పెరుగుతుంది. పగడం గీసుకుంటే మంచినీటితో, సబ్బుతో రుద్ది కడిగి సన్నని ముక్కలు తీసేయాలి, లేకపోతే రెండో రోజుకు చీము పడుతుంది. ముళ్లచేప, రాతిచేప పొడిస్తే ఆ భాగాన్ని భరించగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంటకు పైగా ఉంచి ఆసుపత్రికి వెళ్లండి. వాగులు సముద్రంలో కలిసేచోట, సంధ్యవేళ దిగొద్దు, ఉప్పునీటి మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు.

తిరుగు ప్రయాణం ముందురోజు మాస్క్, ఫిన్స్ మంచినీళ్లలో నానబెట్టి నీడలో ఆరబెట్టండి. పిల్లల జేబులు, బీచ్ సంచుల అడుగు దులపండి. ఒడ్డున దొరికిన చచ్చిన పగడం ముక్క అయినా మొదటి షెడ్యూల్ సరుకే, శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో అది బాగా కనబడుతుంది. గవ్వలు కావాలంటే లైసెన్సున్న దుకాణంలో బిల్లుతో కొని, ఆ బిల్లు చేతి సంచిలో పెట్టుకోండి.